గోరింకలంక దీర్ఘకాలిక సందర్శకులు

గోరింకలంకలో మనుషులు కాపురాలుంటున్నారన్న సంగతి సుస్థిర పర్యాటక ప్రాధికార సంస్థకు కాస్త ఆలస్యంగా తెలిసింది. అప్పటికే లంక మీద పథకం మంజూరైపోయింది. రంగుల పుస్తకం అచ్చయిపోయింది. అందులో "మానవ స్పర్శ ఎరుగని గోదావరి ద్వీపం" అని పెద్దక్షరాలతో వేసేశారు. అచ్చయిన పుస్తకాన్ని మార్చడం కష్టం. మనుషుల్ని మార్చడం అంత కష్టం కాదని సంస్థ వారికి అనుభవం మీద తెలుసు.

ఇదంతా దగ్గరుండి చూసినవాడు సంగాడి ఏడుకొండలు. ముప్పై ఏళ్ళుగా లంకకీ అవతలి గట్టుకీ మధ్య పడవ నడుపుతున్నాడు. లంకలో ఉన్న మూడు వందల పన్నెండు మందిలో అతని పడవ ఎక్కనివాళ్ళు లేరు. పెళ్ళికూతుళ్ళు, అరటి గెలలు, ఓట్ల పెట్టెలు, ఒకసారి మొండికేసిన గేదె, అన్నీ అతని పడవలోనే ఏరు దాటాయి. మాట తక్కువ మనిషి. ప్రభుత్వం తరఫున ఎవరొచ్చి ఏం చెప్పినా "ఆయ్, అలాగేనండి" అంటాడు. ఆ మాటలో ఒప్పుకోవడం ఎంతో, ఊరుకోవడం ఎంతో వచ్చినవాళ్ళు ఎప్పుడూ ఆరా తీయలేదు.

పథకానికి సుస్థిరతాధికారిగా వచ్చినాయన పేరు విజయసారథి. ఖద్దరు చొక్కా, వెదురు ముక్క మీద చెక్కించిన గుర్తింపు కార్డు, చేతిలో రాగి నీళ్ళ సీసా. చెడ్డవాడు కాదు. దారిలో చీమలబారు కనిపిస్తే ఆగి, చుట్టూ తిరిగి వెళ్ళేవాడు. మనుషులు కనిపిస్తే ఆగి, నిబంధనలు చదివేవాడు.

మొదటి సమావేశం బడి అరుగు మీద జరిగింది.

"గౌరవనీయులైన స్థానిక భాగస్వామ్య పక్షాలారా!" అని మొదలుపెట్టాడు విజయసారథి. ఎవరిని పిలుస్తున్నాడోనని జనం వెనక్కి తిరిగి చూశారు. "ద్వీపంలో ఉండే వ్యక్తులను నమోదు చేయవలసిందిగా మాకు ఆదేశాలు ఉన్నాయి. ఈ పత్రంలో గళ్ళు రెండే. ఒకటి సందర్శకులు, రెండోది సిబ్బంది. మీలో మా సంస్థ సిబ్బంది ఎవరైనా ఉన్నారా?"

ఎవరూ లేరు.

"అయితే మీరంతా సందర్శకుల కిందికి వస్తారు."

ఏడుకొండలు భార్య బుల్లెమ్మ లేచి నిలబడింది. ఆమెకు నోరు తిన్నగా ఉండదు. "ఏటండీ, మా అత్తగారి అత్తగారు కూడా ఈ లంకలోనే పుట్టి ఈ లంకలోనే పోయిందండి. మేం సందర్శకులేటండీ?"

"అందుకే మిమ్మల్ని దీర్ఘకాలిక సందర్శకులుగా గుర్తిస్తున్నామమ్మా," అన్నాడు విజయసారథి ఎంతో మర్యాదగా. "ఆ హోదా అందరికీ దొరికేది కాదు."

హోదా అన్నారు కాబట్టి ఏదో ఇస్తారనుకుని జనం కూర్చున్నారు. అప్పుడు ఏడో నిబంధన చదివారు. ఏ సందర్శకుడూ వరసగా మూడు రోజులకు మించి ద్వీపంలో ఉండరాదు. ప్రకృతికి ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వాలి. మూడో రోజున ఏరు దాటి అవతలి గట్టుకు వెళ్ళి, అక్కడి గుమాస్తా చేత చీటీ మీద ముద్ర వేయించుకుని, కావాలంటే అదే పడవలో తిరిగి రావచ్చు.

"మిమ్మల్ని ఎవరూ వెళ్ళగొట్టడం లేదు," అని విజయసారథి వివరించాడు. "మీరు వెళ్ళి వస్తున్నారు, అంతే."

ఆ సాయంత్రమే ఏడుకొండలుకి ఆకుపచ్చ చొక్కా ఇచ్చారు. మంజూరైన సిబ్బంది పోస్టు ఒక్కటే, అది నావికుడిది. లంకలో ఉన్న మిగతా పదకొండు పడవలు దృశ్య కాలుష్యం కింద తేలాయి. వాటిని గట్టు మీదికి లాగించి, మట్టి నింపి, బంతి మొక్కలు వేశారు. ఇక మీదట ఒకే లంక, ఒకే పడవ, చుక్క డీజిలు ఉండదు. సిబ్బంది కానివారు పడవ నడిపే గెడను ముట్టుకోరాదన్నది పన్నెండో నిబంధన.

అలా గోరింకలంక వాళ్ళు రోజుకి నూటమూడు, నూటనాలుగు మంది చొప్పున తమ ఊరికి తాము వెళ్ళి రావడం మొదలుపెట్టారు. అవతలి గట్టున రేకుల గదిలో గుమాస్తా పరంజ్యోతి కూర్చునేవాడు. పడవ దిగేవాళ్ళని ఏడుకొండలు లెక్కపెట్టి చెప్పాలి. ధాన్యం కొలిచేవాళ్ళ పద్ధతిలోనే అతనిది కూడా పాత లెక్క. మొదటి మనిషిని ఒకటి అనడు, "లాభం, రెండు, మూడు" అంటాడు. పరంజ్యోతి దానికి ఒప్పుకోలేదు.

"మనది లాభాపేక్ష లేని పథకం ఏడుకొండలుగారూ. రికార్డులో లాభం కనపడితే ఆడిటువాళ్ళు ప్రాణం తీస్తారు. 'సుస్థిరం' అనండి."

"ఆయ్. సుస్థిరం, రెండు, మూడు..."

మూడు నెలలు తిరిగేసరికి సంస్థ నివేదికలో గోరింకలంక వెలిగిపోయింది. ఒక్క పాత గుడి కూడా లేని లంకకు రోజూ వందకు పైగా సందర్శకులు! పైగా వాళ్ళలో మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళు నూటికి నూరు శాతం! ప్రతి చీటీ వెనక అభిప్రాయ సేకరణ ఉండేది. "తిరిగి రావాలని అనుకుంటున్నారా?" అన్న ప్రశ్నకు చీటీ ఉన్న ప్రతి ఒక్కరూ అవునని రాశారు. దేశంలో ఇంకెక్కడా ఇలా జరగలేదు.

లంకలో జరిగినవి నివేదికలో పట్టలేదు. గెల కోతకొచ్చిన రోజున రైతు అవతలి గట్టున ముద్ర కోసం వరసలో నిలబడి ఉండేవాడు. గెలలు చెట్టునే మగ్గిపోయి చిలకల పాలయ్యాయి. ఆ చిలకల్ని ఫోటోలు తీసి, తిరిగొచ్చిన పక్షి సంపద అని పుస్తకంలో వేశారు. కొత్తగా కట్టిన వెదురు కుటీరాల్లో పెట్టడానికి అరటిపళ్ళు పట్నం నుంచి వచ్చేవి, పండుకో ప్లాస్టిక్ తొడుగుతో. ఆ తొడుగుల్ని పరంజ్యోతి లెక్క రాసుకుని లంక వెనక పాతిపెట్టించేవాడు. అసలు పర్యాటకులు వారానికి పదిమంది వచ్చేవారు. వాళ్ళు లంకంతా తిరిగి, ఇక్కడి మనుషులు ఎప్పుడు చూసినా ఎక్కడికి వెళుతుంటారని అడిగేవారు.

ఏడుకొండలు ఇవన్నీ చూస్తూ ఊరుకున్నాడు. తొమ్మిదో నెల గర్భంతో అతని ఒక్కగానొక్క కూతురు వీరవేణి తొలిచూలు పురిటికి పుట్టింటికి వచ్చింది. అప్పట్నుంచి ఊరుకోవడం కష్టమైంది.

అతను ఆకుపచ్చ చొక్కా తొడుక్కుని విజయసారథి దగ్గరికి వెళ్ళాడు. "అమ్మాయి పురుడు పోసుకుని మూడో నెల దాకా ఉంటుందండి. తమరు ఓ కాయితం రాసిస్తే..."

"సిబ్బంది మీద ఆధారపడిన కుటుంబ సభ్యులకు మినహాయింపు ఉందయ్యా," అన్నాడు విజయసారథి పుస్తకం తిరగేస్తూ. "పదకొండో నిబంధన. భార్య లేదా భర్త, పెళ్ళికాని పిల్లలు, తల్లి, తండ్రి. మీ ఆవిడ ముద్ర లేకుండా ఉండగలుగుతోంది అంటే అందుకే. పెళ్ళయిన కూతురు ఈ జాబితాలో లేదు."

"పురుడు పుట్టింట్లోనే కదండీ పోసుకునేది."

"చక్కటి సంప్రదాయం. దాని మీద మా పుస్తకంలో ఒక పేజీ కూడా వేశాం. అయితే అది మూడు రోజుల్లో ముగిసేలా చూసుకోవాలి."

ఏడుకొండలు "ఆయ్" అని బయటికొచ్చాడు. ఆ నెలంతా మూడు రోజులకోసారి నిండు గర్భిణిని పడవలో కూర్చోబెట్టి అవతలికి తీసుకెళ్ళి, ముద్ర వేయించి, ఇవతలికి తెచ్చాడు. అల మీద పడవ ఊగినప్పుడల్లా వీరవేణి కంటే ముందు అతనే కళ్ళు మూసుకునేవాడు. బుల్లెమ్మ మాత్రం రోజూ ఆ పుస్తకాన్ని, దాన్ని అచ్చేసినవాళ్ళని, అచ్చేసినవాళ్ళ ఏడు తరాలని తలుచుకునేది.

నొప్పులు వారం ముందే వచ్చాయి. గురువారం పొద్దున్న ఏడుకొండలు పడవ అవతలి గట్టున ఉంది. చీటీల వరస పూర్తయితేగాని పడవ తీయనివ్వనన్నాడు పరంజ్యోతి. వరస పూర్తయి, పడవ దాటించి, కూతుర్ని ఆసుపత్రికి తీసుకెళదామని అతను పరుగున ఇంటికొచ్చేసరికి లోపల్నుంచి పసిపిల్ల ఏడుపు వినిపించింది. ఆశా కార్యకర్త చేతులు కడుక్కుంటోంది. తల్లీ బిడ్డా క్షేమం. ఆడపిల్ల. ఏడుకొండలు గడపలోనే కూలబడి, తుడుచుకోవాలన్న ధ్యాస లేకుండా ఏడ్చాడు. అతను ఏడవగా లంకలో ఎవరూ చూసి ఎరగరు.

మధ్యాహ్నం పడవలో ఈ వార్త పరంజ్యోతికి చేరింది.

"పాప ప్రవేశ చీటీ ఏదండీ?" అన్నాడతను.

"పాప ప్రవేశించలేదండి. పుట్టిందండి."

పరంజ్యోతి రిజిస్టరు అటూ ఇటూ తిప్పాడు. పుట్టడానికి గడి లేదు. "ఇప్పుడు లంకలో ఉందా, లేదా?"

"ఉందండి."

"ఉందంటే ప్రవేశించినట్టే. ఏ రేవు నుంచి?"

ఏడుకొండలు ఏటి వైపు చూశాడు.

పరంజ్యోతి ఫోను చేసి అడగగా, గంటలో విజయసారథి నుంచి జవాబు వచ్చింది. సుమారు మూడు కిలోల బరువు గల ఒక సందర్శకురాలు అనుమతి లేకుండా ద్వీపంలో ప్రవేశించినట్లు తేలినది. సదరు వ్యక్తిని వెంటనే బయటికి పంపవలెను. బయటికి పంపుటకు నిష్క్రమణ చీటీ కావలెను. ప్రవేశ చీటీ చూపినగాని నిష్క్రమణ చీటీ ఇవ్వరాదు. కనుక విచారణ ముగియు వరకు సదరు వ్యక్తిని ద్వీపం నుంచి కదిలించరాదు.

బుధవారం ముద్ర వేయించుకున్న వీరవేణి గడువు శుక్రవారంతో అయిపోతుంది. అంటే తల్లి రేపు ఏరు దాటాలి. బిడ్డ దాటకూడదు. విచారణ ఎన్నాళ్ళు పడుతుందో, తల్లికి కొత్త చీటీ దొరుకుతుందో లేదో ఎవరూ చెప్పలేరు. దాటించాల్సిన పడవ ఏడుకొండలుది.

"ఒళ్ళు ఆరని పచ్చి బాలింతని నా చేత్తో ఏట్లోకి దింపమంటారేటండీ?" అన్నాడతను విజయసారథి ఎదుట నిలబడి. "చంటిదానికి పాలెవరిత్తారండి?"

"పాలు పడవలో పంపించుకోవచ్చు," అన్నాడు విజయసారథి సానుభూతిగా. "పడవకి డీజిలు లేదు కాబట్టి పర్యావరణపరంగా మాకు అభ్యంతరం లేదు. ఇప్పుడు నన్ను వదిలెయ్యి ఏడుకొండలూ. రేపు హరిత పురస్కారం న్యాయనిర్ణేతలు వస్తున్నారు. ఇదిగో, వారసత్వ వృత్తుల పరిరక్షణ అన్న పేజీ ఇంకా ఖాళీగా ఉంది."

ఏడుకొండలు కదల్లేదు. ఖాళీ పేజీని చూశాడు, పక్కనే ఉన్న నిబంధనల పుస్తకాన్ని చూశాడు. ముప్పై ఏళ్ళుగా ఏటి పోటు చూసి గెడ వేసిన మనిషి. నీళ్ళు ఎటు లాగుతున్నాయో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"నా తరవాత ఈ గెడ మా మనవరాలికి ఇద్దావనుకుంటున్నానండి," అన్నాడు మెల్లగా.

విజయసారథి తలెత్తాడు. "మనవరాలా? అంటే... నావికురాలు!"

"ఆయ్. వయసు చాలదేమోనండి."

"వారసత్వానికి వయసేమిటయ్యా! నిబంధనల్లో వయోపరిమితి ఎక్కడుంది?" నిజంగానే ఎక్కడా లేదు. విజయసారథికి ఒక్క దెబ్బతో మూడు పేజీలు నిండడం కనిపించింది. వారసత్వ వృత్తి, మహిళా సాధికారత, భావి తరం. "రేపు న్యాయనిర్ణేతల ఎదుటే ఉత్తర్వు మీద సంతకం చేస్తాను."

"మరి సిబ్బందికి చీటీ అక్కర్లేదు కదండీ?"

"అక్కర్లేదు."

"సిబ్బంది తల్లికండి?"

"ఆధారపడిన కుటుంబ సభ్యురాలు. ఎంతకాలమైనా ఉండొచ్చు."

"మరి నేనూ, బుల్లెమ్మానండి?"

విజయసారథి పుస్తకం చూశాడు. ఉన్న పోస్టు ఒక్కటే, తాతయ్య, అమ్మమ్మ జాబితాలో లేరు. "మీరు సందర్శకులవుతారు. ఎప్పుడు కావాలంటే అప్పుడు వచ్చి లంక చూసుకుని వెళ్ళొచ్చు."

"ఆయ్, అలాగేనండి," అన్నాడు ఏడుకొండలు.

శుక్రవారం పదింటికి ముగ్గురు న్యాయనిర్ణేతలు రాజధాని నుంచి విమానంలో, అక్కణ్ణుంచి మూడు కార్లలో, అక్కణ్ణుంచి ఏడుకొండలు పడవలో లంక చేరారు. డీజిలు వాసన లేదని ముగ్గురూ గాఢంగా గాలి పీల్చారు. బడి అరుగు మీద సభ. వీరవేణి చీరతో కట్టిన ఉయ్యాలలో పాప. విజయసారథి ఉత్తర్వు చదివాడు, పన్నెండో నిబంధనతో సహా. సంతకం పెట్టాడు. పాప బొటనవేలికి సిరా అద్ది వేలిముద్ర తీసుకున్నారు. గెడను ఉయ్యాల పక్కన నిలబెట్టి ఫోటోలు దిగారు. న్యాయనిర్ణేతల్లో పెద్దావిడ కళ్ళు తుడుచుకుంది.

భోజనాలయ్యాయి. సాయంత్రం ఆరింటికి విమానం. మూడింటికి అందరూ రేవుకి వచ్చారు. ఏడుకొండలు గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద ఆకుపచ్చ చొక్కా లేదు.

"పడవ తియ్యి ఏడుకొండలూ," అన్నాడు విజయసారథి.

"నేను సందర్శకుణ్ణండి. గెడ ముట్టుకోకూడదండి. ఇందాక తమరే చదివారు కదండీ."

"మరి పడవ ఎవరు తీస్తారు?"

"సరంగుగారు తియ్యాలండి. పాలు తాగి పడుకున్నారు. లేచాక అడుగుదాం."

న్యాయనిర్ణేతల్లో ఒకాయన చప్పట్లు కొట్టాడు. నిబంధనల పట్ల స్థానికుల్లో ఇంత నిబద్ధత తాను ఎక్కడా చూడలేదన్నాడు. చప్పట్లు విన్న తరవాత విజయసారథికి దారులన్నీ మూసుకుపోయాయి. ఎదురుగా న్యాయనిర్ణేతలుండగా నిబంధన మీరలేడు. మోటారు పడవ పిలిపిస్తే ఒకే పడవ, చుక్క డీజిలు లేదన్న మాట పోతుంది. ఉత్తర్వు రద్దు చేద్దామంటే కార్యాలయం ముద్ర అవతలి గట్టున ఉంది. ప్రధాన కార్యాలయానికి ఫోను చేస్తే మోగుతూనే ఉంది. శని, ఆదివారాలు సెలవు కావడంతో అక్కడివాళ్ళు శుక్రవారం మధ్యాహ్నమే ఇళ్ళకి వెళ్ళిపోయారు.

మూడు రాత్రులు వాళ్ళు ఊళ్ళోవాళ్ళిచ్చిన దోమతెరలు కట్టుకుని బడి అరుగు మీద పడుకున్నారు. కుటీరాలు చాలా బాగున్నాయి గాని దోమల విషయం పుస్తకంలో రాసినవాళ్ళు చూసుకోలేదు. బుల్లెమ్మ తిట్టుకుంటూనే రెండు పూటలా చేపల పులుసు పెట్టింది. వాళ్ళు కూడా తిండి దొరకని మనుషులే కదా అనుకుంది. విజయసారథి రోజుకి నాలుగుసార్లు ఉయ్యాల దగ్గరికి వచ్చి, నావికురాలు లేచిందేమో చూసి వెళ్ళేవాడు. లేచినప్పుడు ఆమె గుక్కపట్టి ఏడ్చేది. దాన్ని అంగీకారంగా తీసుకోవచ్చా అని అతను న్యాయనిర్ణేతల్ని అడిగాడు. వాళ్ళు ఏకాభిప్రాయానికి రాలేకపోయారు. వీరవేణి గోడకి చేరబడి బిడ్డకు పాలిస్తూ, పెళ్ళయ్యాక మొదటిసారి ఎవరి అనుమతీ అడక్కుండా పుట్టింట్లో పడుకుంది.

సోమవారం పదకొండింటికి ప్రధాన కార్యాలయం నుంచి ఫోనులో ఉత్తర్వు వచ్చింది. ఒకటి, నావికురాలికి సాయంగా ఏడుకొండలు అను సందర్శకుడిని స్వచ్ఛంద గెడ సహాయకుడిగా అనుమతించడమైనది. రెండు, అధికారులు, న్యాయనిర్ణేతలు సహా పలువురు గడువు మీరి ద్వీపంలో ఉన్నందున, శుక్రవారం మధ్యాహ్నం నుంచి సోమవారం ఉదయం వరకు గోరింకలంకలో కాలం గడవనట్లు పరిగణించడమైనది.

"అయితే పాపకి నీళ్ళు పొయ్యడానికి పదకొండో రోజు ఎప్పుడొచ్చినట్టండీ?" అని బుల్లెమ్మ అడిగింది. విజయసారథి ఆ ప్రశ్నను పై వాళ్ళకు పంపుతానన్నాడు.

గోరింకలంకకు పురస్కారం వచ్చింది. గెడ పక్కన ఉయ్యాల ఫోటో పత్రికలన్నిటిలోనూ పడింది. అందుచేత ఉత్తర్వు రద్దు చేసే మాట ఎవరూ ఎత్తలేదు. న్యాయనిర్ణేతలు పోతూ పోతూ ఒకే ఒక్క సూచన చేశారు. ఇంతమంది ఈ లంకకు ఎందుకు వస్తున్నారో తెలుసుకుంటే బాగుంటుందన్నారు. చీటీలో కొత్త గడి చేరింది.

తమ గడువు తీరిన రోజున ఏడుకొండలు అందరినీ దాటించి, తనూ దిగి, బుల్లెమ్మతో కలిసి వరసలో నిలబడ్డాడు. పరంజ్యోతి ఇద్దరి చీటీలూ ముందు పెట్టుకున్నాడు.

"సందర్శన కారణం చెప్పండి. విహారమా? విద్యా విషయకమా?"

"మా మనవరాల్ని చూడ్డానికండి," అన్నాడు ఏడుకొండలు.

"అంటే బంధుదర్శనం. ఆవిడది ఏ ఊరు?"

"లంకేనండి."

"కాదండీ, అసలు ఊరు."

"అక్కడే పుట్టిందండి. అక్కడే ఉంటుంది. ఎవరి చీటీ అక్కర్లేదండి దానికి." ఆ మాట అంటుంటే అతని మొహంలో సంతోషం దాచుకుందామన్నా దాగలేదు.

పరంజ్యోతి కలం ఆపాడు. కొత్త గడిలో రాయడానికి ఇలాంటి వివరం అతనికి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. "అక్కడే పుట్టి, అక్కడే ఉంటున్న మనిషన్నమాట. లంకలో అలాంటివాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?"

ఏడుకొండలు వెనక్కి తిరిగి చూశాడు. వరసలో వంద మంది దాకా ఉన్నారు. ముసలివాళ్ళు, నడివయసువాళ్ళు, నెత్తిన గంపలతో ఆడవాళ్ళు, సందర్శకుల చీటీలు పట్టుకుని తమ వంతు కోసం చూస్తున్నారు.

"లేరండి," అన్నాడు. "అదొక్కర్తేనండి."

పరంజ్యోతి రాసుకుని, ముద్ర వేసి, తరవాత వాళ్ళని రమ్మన్నాడు.